అయిదు నెలల కాపురం: గ్రోనింగెన్‌లో ఒక సెమిస్టర్ లెక్క

బయటి దేశం నుంచి వచ్చిన మనిషిని నెదర్లాండ్స్ ప్రభుత్వం ఎన్నాళ్లుంటాడన్న దాన్ని బట్టి లెక్కగడుతుంది. 90 రోజుల్లోపు వచ్చి పోతే సందర్శకుడు, చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా చాలు. ఆ గీత దాటితే నివాస అనుమతి కావాలి. 4 నెలలు దాటితే ఊరి మున్సిపాలిటీ జనాభా రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి, అప్పటి నుంచి కాగితాల మీద అతను ఆ ఊరివాడే. సొంత కాలేజీ తరఫున ఒక్క సెమిస్టర్ చదివి పోయే ఎక్స్ఛేంజ్ విద్యార్థి సెప్టెంబరు మొదట్లో దిగి జనవరి ఆఖరుకు బయల్దేరతాడు. అంటే దాదాపు అయిదు నెలలు, రెండు గీతలకూ అవతల. ఊరివాడికి ఉండే బాధ్యతలన్నీ అతనికీ వస్తాయి. ఊరివాడికి దక్కే ఏర్పాట్లు మాత్రం, ముఖ్యంగా అద్దె గది, ఏళ్ల తరబడి ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని చేసినవి.

ఒక సెమిస్టర్ డచ్ ఊళ్లో చదివి వస్తానని పిల్లలు అడిగినప్పుడు ఇంట్లో మొదలయ్యే చర్చ సాధారణంగా చలి, తిండి, ఖర్చు చుట్టూ తిరుగుతుంది. అవి నిజంగా చిన్న విషయాలు. తల తినే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ అయిదు నెలలనే వింత గడువులోంచే పుడతాయి. చదువు లెక్కలు కూడా అందులోనే ఇరుక్కుంటాయి.

ఉదాహరణకు గ్రోనింగెన్‌నే తీసుకుందాం. ఆమ్‌స్టర్‌డామ్ పేరు తెలియనివాళ్లు ఉండరు గానీ, ఈ ఊరి పేరు మనవాళ్లు చాలామంది మొదటిసారి చూసేది భాగస్వామ్య యూనివర్సిటీల జాబితాలోనే. దేశానికి ఈశాన్య మూలన ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి స్కిపోల్ విమానాశ్రయం నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు. యూనివర్సిటీ 1614 నాటిది. డచ్ యూనివర్సిటీలో అధికారికంగా చేరిన తొలి మహిళ అలెట్టా యాకబ్స్ 1871లో అడుగుపెట్టింది ఇక్కడే. 1953లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఫ్రిట్స్ జెర్నికె, 2016లో రసాయనశాస్త్రంలో నోబెల్ పంచుకున్న బెన్ ఫెరింగా ఇక్కడి ప్రొఫెసర్లు. జనాభా రెండున్నర లక్షలకు కాస్త తక్కువ, అందులో దాదాపు నాలుగో వంతు విద్యార్థులే.

ఇదే ఊళ్లో హాన్జె అనే ఇంకో పెద్ద విద్యాసంస్థ కూడా ఉంది. ఇంగ్లిష్‌లో అది కూడా తనను యూనివర్సిటీ అనే చెప్పుకుంటుంది, వెనకాల ‘ఆఫ్ అప్లైడ్ సైన్సెస్’ అన్న తోకతో. డచ్ వ్యవస్థలో ఇవి రెండు వేరు దారులు. పరిశోధన మీద నడిచేవి ఒక రకం, వృత్తి నైపుణ్యం మీద, ప్రాజెక్టుల మీద నడిచేవి రెండో రకం. ఏది గొప్ప అన్న ప్రశ్న కాదు. గ్రోనింగెన్ అనగానే ఒకటే అనుకుని సంతకం పెట్టకూడదు, మీ కాలేజీకి ఒప్పందం ఎవరితో ఉందో చూసుకోవాలి. క్లాసు నడిచే తీరే మారిపోతుంది.

ఫీజు లేదు, ఖర్చు ఉంది

ఎక్స్ఛేంజ్ అంటే రెండు విద్యాసంస్థల మధ్య మార్పిడి. ఇక్కడి నుంచి ఒకరు వెళ్తే అక్కడి నుంచి ఒకరు వస్తారు, ఎవరి ఫీజు వాళ్లు సొంత కాలేజీకే కడతారు. యూరప్ బయటి నుంచి వచ్చి డచ్ యూనివర్సిటీలో పూర్తి డిగ్రీ చదివేవాళ్లు ఏడాదికి 10,000 యూరోలకు పైనే కట్టుకోవాలి. ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఆ మాటే లేదు. సీట్లు తక్కువగా ఉండేదీ అందుకే, రెండు వైపులా లెక్క సరిపోవాలి కదా. మీ పేరును పంపాల్సింది మీ కాలేజీ అంతర్జాతీయ వ్యవహారాల విభాగం. ఈ వ్యవహారంలో కన్సల్టెన్సీకి పనే లేదు. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే వాళ్లు అమ్ముతున్నది వేరే సరుకన్న మాట.

రెండు సంస్థలూ కలిసి యూరోపియన్ యూనియన్ వారి ఎరాస్మస్ ప్లస్ పథకం కింద నిధులు తెచ్చుకున్న చోట విద్యార్థికి నెలకు ఎనిమిది, తొమ్మిది వందల యూరోల స్టైపెండు, దూరాన్ని బట్టి ప్రయాణ ఖర్చు కూడా వస్తాయి. అది అన్ని ఒప్పందాలకూ ఉండదు. ‘ఎక్స్ఛేంజ్‌కి వెళ్తే స్టైపెండు ఇస్తారట’ అన్న మాట సగమే నిజం.

స్టైపెండు లేకపోతే జీవన ఖర్చు మొత్తం సొంతం. ఎంత అవుతుందన్న దానికి అధికారిక కొలత ఒకటుంది. వలస శాఖ ఐఎన్‌డీ ఏటా ఒక మొత్తం ప్రకటిస్తుంది, విద్యార్థి దగ్గర నెలకు అంత ఉందని చూపాలి. 2025లో అది 1,130 యూరోల చుట్టూ ఉంది. అయిదు నెలలకు 5,650. యూరో వంద రూపాయలనుకుంటే అయిదున్నర లక్షల పైమాటే. ఇది ఖర్చు పెట్టి తీరాల్సిన డబ్బు కాదు, ఉందని చూపాల్సిన డబ్బు. కొన్ని యూనివర్సిటీలు ఆ మొత్తాన్ని ముందే తమ ఖాతాలో వేయించుకుని, విద్యార్థి అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక వెనక్కి పంపుతాయి. అంటే దిగిన మొదటి వారాల్లో మన డబ్బే మన చేతికి అందదు. ఆ రోజులకు వేరే డబ్బు ఉంచుకోవాలన్న సంగతి చాలామందికి అక్కడికి వెళ్లాకే తడుతుంది.

వీసా విషయంలో మాత్రం అమెరికా వెళ్లేవాళ్ల కంటే ఊరట. దరఖాస్తు విద్యార్థి పెట్టుకోనక్కర్లేదు, పెట్టుకుందామన్నా కుదరదు. ఐఎన్‌డీ గుర్తించిన స్పాన్సర్ హోదాలో యూనివర్సిటీయే పెడుతుంది. దేశంలోకి అడుగుపెట్టడానికి ఎంవీవీ అనే ప్రవేశ వీసా, ఉండటానికి నివాస అనుమతి, రెండూ ఒకే దరఖాస్తులో నడుస్తాయి. దానికి రుసుము రెండు వందల యూరోల పైన ఉంటుంది. ఆమోదం వచ్చాక పాస్‌పోర్టు మీద స్టిక్కరు వేయించుకుని వెళ్లడమే. కాన్సులేటు కిటికీ ముందు నిలబడి ‘మళ్లీ తిరిగొస్తాను’ అని నమ్మించే కార్యక్రమం లేదు. భారతీయ పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు దిగాక 3 నెలల్లోపు క్షయ పరీక్ష కూడా ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే తీసి పంపేస్తారు, భయపడాల్సింది ఏమీ లేదు.

అన్నీ అడ్రసుకే వేలాడతాయి

అసలు ముడి ఇక్కడుంది. 4 నెలలకు మించి ఉండేవాళ్లు దిగిన 5 రోజుల్లోపు మున్సిపాలిటీలో నమోదుకు వెళ్లాలి. నమోదైతే బీఎస్‌ఎన్ అనే పౌర సేవల సంఖ్య వస్తుంది, మన ఆధార్ లాంటిదే. బ్యాంకు ఖాతా, ఉద్యోగం, జీతం, బీమా, పన్నులు అన్నీ ఆ సంఖ్య మీదే నడుస్తాయి. నమోదు కావాలంటే అద్దె ఒప్పందంతో సహా అడ్రసు ఉండాలి. అడ్రసు లేకపోతే బీఎస్‌ఎన్ లేదు, అది లేకపోతే చాలా బ్యాంకుల్లో ఖాతా లేదు, ఖాతా లేకపోతే యూనివర్సిటీ దగ్గరున్న మీ డబ్బు రాదు, ఆ డబ్బు లేకపోతే గదికి అడ్వాన్సు కట్టలేరు. కొన్ని ఆన్‌లైన్ బ్యాంకులు ముందు ఖాతా తెరవనిచ్చి బీఎస్‌ఎన్ తర్వాత ఇమ్మంటాయి. ఈ చక్రంలో నుంచి బయటపడటానికి అదొక సందు.

దేశంలోకి రప్పించేది యూనివర్సిటీ, స్పాన్సర్ యూనివర్సిటీ, చదువు మానేస్తే ఐఎన్‌డీకి కబురు చేసే బాధ్యతా యూనివర్సిటీదే. ఉండటానికి గది చూపించే పూచీ మాత్రం దానిది కాదు. మన దగ్గర కాలేజీ అనగానే హాస్టల్ కూడా ఊహించుకుంటాం. డచ్ యూనివర్సిటీలకు సంప్రదాయంగా సొంత హాస్టళ్లు లేవు. విద్యార్థుల ఇళ్లు కట్టి నడిపేవి విడి గృహ సంస్థలు. గ్రోనింగెన్‌లో, ఉట్రెక్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్, డెల్ఫ్ట్, లైడెన్ వైపు డూవో ఇలాంటివే. విదేశీ విద్యార్థులకని సామాను అమర్చిన గదులు సెమిస్టరుకో ఏడాదికో ఇస్తారు. అవి ఎప్పుడు బుకింగుకు తెరుస్తారో తెలుసుకుని ఆ గంటకే కూర్చోవాలి, తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నట్టు. ప్రవేశ పత్రం వచ్చాక చూసుకుందాంలే అన్నవాళ్లకు మిగిలేవి ప్రైవేటు గదులు.

ప్రైవేటు గదుల లోకం వేరు. డచ్ విద్యార్థులు పెద్ద ఇళ్లలో ఆరుగురు, పదిమంది కలిసి ఉంటారు. గది ఖాళీ అయితే కొత్తవాళ్లను ఎంచేది ఇంటి యజమాని కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లే. ఒక సాయంత్రం పది పదిహేను మందిని పిలిచి, బీరో టీయో ఇచ్చి, కబుర్లాడి, ఎవరితో కలిసి ఉండాలనిపిస్తే వాళ్లకు ఇస్తారు. ఒక్క మాటలో చెప్పాలంటే పెళ్లిచూపులు. అయిదు నెలల్లో వెళ్లిపోయేవాడు అక్కడ గెలవడం కష్టం. వాళ్లకు కావాల్సింది రెండు మూడేళ్లు కలిసి వంట చేసుకునే తోడు. ‘డచ్ మాట్లాడేవాళ్లకే’ అని ప్రకటనలోనే రాసేవాళ్లూ తక్కువేం కాదు. ఇందులో కొంత వివక్ష ఉంది, కొంత తమ ఇంట్లో తమ భాష వినిపించాలన్న కోరిక ఉంది. ఏ పాలు ఎంతో బయటివాళ్లు తేల్చలేరు గానీ ఫలితం ఒకటే.

చట్టం కూడా తెలియకుండానే ఈ కథలో పాత్రధారి అయింది. అద్దెకుండేవాళ్లకు భద్రత పెంచాలని 2024 జులై 1 నుంచి నెదర్లాండ్స్‌లో గడువు లేని అద్దె ఒప్పందాలనే నియమంగా మార్చారు. గడువు పెట్టి ఇవ్వడం మినహాయింపుగా మిగిలింది. వేరే ఊరి నుంచో, వేరే దేశం నుంచో చదువుకు వచ్చినవాళ్లు ఆ మినహాయింపుల్లో ఉన్నారు కాబట్టి ఎక్స్ఛేంజ్ విద్యార్థికి సెమిస్టర్ ఒప్పందం చట్టబద్ధమే. అయితే అదే కాలంలో అద్దె పరిమితులు, పన్నులు కలిసి చాలామంది చిన్న యజమానులను ఇళ్లు అమ్ముకునే వైపు తోశాయి. అద్దెకుండేవాళ్లను కాపాడే చట్టం మంచిదే. అది కాపాడేది ఇప్పటికే లోపల ఉన్నవాళ్లను, తలుపు బయట నిలబడ్డవాడికి కొత్త గది పుట్టించదు.

కొరతకు మూలం ఇంకాస్త వెనక ఉంది. 1999లో బొలోన్యా ప్రకటన తర్వాత యూరప్ డిగ్రీలు ఒకే నమూనాలోకి రావడం మొదలైంది. డచ్ యూనివర్సిటీలు అందరికంటే జోరుగా ఇంగ్లిష్‌లో కోర్సులు తెరిచాయి. విదేశీ విద్యార్థుల సంఖ్య 2022-23 నాటికి 1.2 లక్షలు దాటింది. ఆ లెక్క డిగ్రీ చదివేవాళ్లది. ఒక సెమిస్టర్‌కు వచ్చి పోయేవాళ్లు దానికి అదనం. గదులు ఆ వేగంతో పెరగలేదు. 2018 సెప్టెంబరులో గ్రోనింగెన్‌లో గది దొరకని విదేశీ విద్యార్థుల కోసం గుడారాలు వేయాల్సి వచ్చింది. తర్వాత యూనివర్సిటీలే ‘గది దొరక్కపోతే రావద్దు’ అని ముందస్తుగా చెప్పే స్థితికి వచ్చాయి. ఇంగ్లిష్ కోర్సులకు కళ్లెం వేయాలన్న రాజకీయ వాదనకు ఈ గదుల కొరతే పెద్ద ఊతం.

ఇంత గిరాకీ ఉన్న చోట మోసగాళ్లు ఉండకుండా ఉంటారా. ఫొటోలు అందంగా ఉంటాయి, అద్దె నమ్మలేనంత తక్కువ, యజమాని ‘ప్రస్తుతం వేరే దేశంలో’ ఉంటాడు, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్ చేస్తానంటాడు. హైదరాబాద్‌లో కూర్చుని గది వెతికేవాళ్లే వీళ్లకు సులువైన వేట. గదిని వీడియో కాల్‌లోనైనా చూడకుండా, ఆ ఊళ్లో ఉన్న సీనియరుతో ఒకసారి తలుపు తట్టించకుండా డబ్బు పంపకూడదు. ఒక కొలత గుర్తుంచుకోవాలి. 2023 జులై నుంచి అడ్వాన్సుగా రెండు నెలల మూల అద్దెకు (కరెంటు, నీళ్ల లాంటి ఖర్చులు కలపనిది) మించి తీసుకోవడం చట్టవిరుద్ధం. మూడు, నాలుగు నెలలది అడిగితే అక్కడే ఆగిపోవాలి.

ఇంకో ఉచ్చు దీనికన్నా మర్యాదగా ఉంటుంది. గది నిజమే, అద్దె న్యాయమే, ప్రకటన చివర ఒక్క వాక్యం: ‘ఈ అడ్రసు మీద రిజిస్ట్రేషన్ కుదరదు’. యజమానికి అంతమందిని ఉంచే అనుమతి లేకపోవడమో, పన్నులు, ప్రభుత్వ సాయం లెక్క తేడా వస్తుందన్న భయమో కారణం. తీసుకున్నారా, పైన చెప్పిన గొలుసు మొదటి కొక్కెం దగ్గరే తెగిపోతుంది. నాలుగు నెలలు దాటి ఉంటూ నమోదు చేసుకోకపోవడం మీ తప్పవుతుంది గానీ యజమాని మీదికి రాదు.

నమోదుకు వెళ్లినప్పుడు చాలా మున్సిపాలిటీలు జనన ధ్రువీకరణ పత్రం అడుగుతాయి, మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రతో, అంటే పత్రం అసలుదేనని విదేశాలకు చెప్పే ముద్ర. తెలుగు ఇళ్లలో ఈ కాగితం దగ్గరే చిక్కు. పుట్టినప్పుడు ఇచ్చిన పత్రంలో చాలామందికి పేరే ఉండదు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ ఉంటాయంతే. ఉన్నా ఇంటిపేరు ఒక అక్షరమై పొట్టిగా ఉంటుంది. పదో తరగతి మెమోలో అదే పేరు ఇంకోలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు విప్పి మరోలా ఉంటుంది. మన దగ్గర ‘ఇద్దరూ ఒకరే’ అని అఫిడవిట్ రాసి నెట్టుకొస్తాం. పేరునీ ఇంటిపేరునీ విడి గళ్లలో రాసుకునే డచ్ గుమాస్తాకు ఆ కథంతా చెప్పడం కష్టం. పేరు చేర్పించి, పాస్‌పోర్టుతో సరిపోలేలా చేయించి, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, ఆపై అపోస్టిల్ వేయించేసరికి వారాలు పట్టొచ్చు. కాలేజీ మీ పేరు పంపిన రోజే ఈ పని మొదలుపెట్టాలి, ప్రవేశ పత్రం వచ్చేదాకా ఆగకూడదు.

పార్ట్ టైమ్ పని చేస్తే మారిపోయే బీమా

ఇది చిన్న విషయమే గానీ తెలియక చిక్కుకునేవాళ్లు ఎక్కువ. చదువు కోసమే తాత్కాలికంగా వచ్చి, 30 ఏళ్లలోపు ఉండి, ఏ పనీ చేయని విద్యార్థికి డచ్ తప్పనిసరి ఆరోగ్య బీమా అక్కర్లేదు. విద్యార్థి బీమా ఏదైనా చాలు. వారానికి నాలుగు గంటలు హోటల్లో గిన్నెలు కడిగినా సరే, జీతం పుట్టిందంటే ఆ రోజు నుంచి డచ్ మూల బీమా తీసుకోవాల్సిందే. నెలకు 150 యూరోల చుట్టూ ప్రీమియం. ఆపైన ఏడాదికి మొదటి 385 యూరోల వైద్య ఖర్చు మనదే, డాక్టరు దగ్గరికి మామూలుగా వెళ్లడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ప్రభుత్వం బీమా భత్యం ఇస్తుంది కాబట్టి ప్రీమియంలో పెద్ద భాగం వెనక్కి వస్తుంది, అడిగితేనే.

పని దొరకడమూ తేలిక కాదు. యూరప్ బయటి విద్యార్థి వారానికి 16 గంటలు గానీ, జూన్ నుంచి ఆగస్టు దాకా పూర్తి సమయం గానీ మాత్రమే చేయొచ్చు, అదీ యజమాని ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకున్నాకే. అయిదు నెలల్లో వెళ్లిపోయే కుర్రాడి కోసం కాగితాలు తిప్పే హోటల్ యజమాని అరుదు. ఈ సెమిస్టర్‌లో పని చేసి ఖర్చులు రాబట్టుకుంటానన్న లెక్కను ఇంట్లోనే చింపేయడం మేలు.

నమోదైన కొన్నాళ్లకు ‘మీకు బీమా లేదు, తీసుకోండి’ అని ప్రభుత్వ సంస్థ సీఏకే నుంచి ఉత్తరం రావొచ్చు. రిజిస్టర్‌లో ఉండి డచ్ బీమా కనబడనివాళ్లకు అది యాంత్రికంగా వెళ్తుంది, విద్యార్థో ఉద్యోగో దానికి తెలియదు. డచ్ భాషలో ఉంది కదా అని పక్కన పడేస్తే జరిమానా దాకా పోతుంది. నేను చదువుకు మాత్రమే వచ్చానని ఆధారాలతో జవాబిస్తే సరిపోతుంది.

7 వస్తే ఏడవకూడదు

డచ్ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్‌కు 30 యూరోపియన్ క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే 28 గంటల పని. క్లాసు, చదవడం, రాయడం, పరీక్ష అన్నీ కలిపి 840 గంటలు. మన జాతీయ క్రెడిట్ చట్రంలో ఏడాదికి 1,200 గంటలకు 40 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 600 గంటలకు 20. గంటలే చూస్తే అక్కడి సెమిస్టర్ మన దానికన్నా బరువు. క్రెడిట్లే చూస్తే మన ఒక క్రెడిట్ వాళ్ల ఒకటిన్నరకు సమానం. మీ కాలేజీ ఏ లెక్కన మారుస్తుందో వెళ్లకముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. ‘వచ్చాక చూద్దాం’ అన్న ప్రొఫెసరు మీరు వచ్చేనాటికి వేరే పదవిలో ఉండొచ్చు. విద్యార్థి, సొంత కాలేజీ, ఆతిథ్య యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేసే అధ్యయన ఒప్పందం ఉన్నదే దీని కోసం. అక్కడికి వెళ్లాక కోర్సు నిండిపోయో, రెండు క్లాసులు ఒకే వేళకు పడో మార్చుకోవాల్సి వస్తుంది, అప్పుడు ఒప్పందాన్నీ మార్పించుకోవాలి. మార్పించుకోకుండా చదివిన కోర్సు మీ ఆనందం కోసం చదివినట్టే.

మార్కుల విషయం ఇంకా కీలకం. అక్కడ 10కి 5.5 వస్తే గట్టెక్కినట్టు. 7 మంచి మార్కు, 8 చాలా మంచి మార్కు, 9 అరుదు, 10 ఎవరికో గానీ రాదు. మన దగ్గర తొమ్మిది పాయింట్లకు పైన సీజీపీఏ మామూలైపోయిన కాలంలో, 7ను అలాగే 7గానో 70 శాతంగానో ఎక్కిస్తే బాగా చదివిన విద్యార్థే నష్టపోతాడు. తెలివైన కాలేజీలు ఈ సెమిస్టర్ మార్కులను సీజీపీఏలో కలపకుండా క్రెడిట్లు మాత్రం ఎక్కిస్తాయి. నా మటుకు అదే న్యాయమైన పద్ధతి. కలుపుతామనే కాలేజీ అయితే రెండు దేశాల మార్కుల పంపిణీని పోల్చి మార్చే పట్టిక అడగాలి.

గ్రోనింగెన్‌లో సెమిస్టర్‌ను రెండు బ్లాకులుగా కోస్తారు. సెప్టెంబరులో మొదలైన సబ్జెక్టుకు నవంబరు మొదట్లోకల్లా పరీక్ష అయిపోతుంది. సైకిల్ కొని, కూరగాయల సంత ఎక్కడో తెలుసుకునేలోపు సగం కోర్సు గడిచిపోయి ఉంటుంది. చివరి నెలలో కూర్చుని అందుకోవచ్చన్న మన అలవాటుకు అక్కడ చోటు లేదు, ఆ చివరి నెల అక్టోబరు మొదట్లోనే వచ్చేస్తుంది. మొదటి బ్లాకులో తప్పితే మళ్లీ రాసే అవకాశం ఉన్న ఊళ్లోనే దొరుకుతుంది. రెండో బ్లాకులో, అంటే జనవరిలో తప్పితే మళ్లీ పరీక్ష సాధారణంగా వసంతంలో, మీరు ఇంటికి వచ్చేశాక. కష్టమైన సబ్జెక్టును మొదటి బ్లాకులోకే తోసుకోవడం తెలివి.

పంచాంగాల గొడవా ఉంది. జనవరి ఆఖరుకు గానీ డచ్ పరీక్షలు అవ్వవు, ఈలోగా ఇక్కడ చాలా కాలేజీల్లో రెండో సెమిస్టర్ మొదలైపోతుంది. ఇంజినీరింగ్ నాలుగో ఏడాది మొదట్లో వెళ్తే క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కాలం మొత్తం అక్కడే గడిచిపోతుంది. ఫిబ్రవరిలో మొదలై జులై మొదటికల్లా ముగిసే రెండో సెమిస్టర్ మనవాళ్లకు చాలాసార్లు మెరుగు, అదీ మూడో ఏడాదిలో. గదులు కూడా సెప్టెంబరు కన్నా ఫిబ్రవరిలో కాస్త తేలిగ్గా దొరుకుతాయి, పగళ్లు పెరిగే కాలం. డిసెంబరులో గ్రోనింగెన్‌లో పొద్దు పొడిచేది ఎనిమిదిముప్పావుకి, గుంకేది నాలుగున్నర లోపే. చలిని స్వెట్టరు ఆపుతుంది, ఆ చీకటికి మాత్రం ఎవరూ ముందుగా సిద్ధం కారు.

ఒక అపోహ కూడా తీర్చాలి. డచ్ డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది నివాస అనుమతి దొరుకుతుంది. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు అది వర్తించదు. వీళ్లు డచ్ డిగ్రీ తీసుకోలేదు, డచ్ యూనివర్సిటీలో కొన్ని క్రెడిట్లు సంపాదించారంతే.

ఊరు

గ్రోనింగెన్‌లో సైకిల్ రాకపోతే సగం ఊరు మీది కాదు. ఊళ్లో జరిగే రాకపోకల్లో సగానికి పైగా సైకిళ్ల మీదే. వాతావరణమూ చదునైన నేలా కారణమనుకుంటాం. అసలు కారణం 1977లో అమలైన ట్రాఫిక్ పథకం. మాక్స్ వాన్ డెన్ బెర్గ్ అనే యువ నగర పాలకుడు పట్టుబట్టి ఊరి నడిబొడ్డును నాలుగు ముక్కలు చేయించాడు. ఒక ముక్క నుంచి పక్క ముక్కకు కారులో నేరుగా పోలేరు, బయటి రింగు రోడ్డెక్కి చుట్టి రావాలి. సైకిల్‌కు, నడిచేవాళ్లకు అడ్డే లేదు. వ్యాపారులు మొదట గగ్గోలు పెట్టారు, ఇప్పుడు వీధుల నిండా వాళ్ల గిరాకీ సైకిల్ మీదే వస్తోంది. కొత్తగా వచ్చిన విద్యార్థికి పాత సైకిలూ, దానికన్నా గట్టి తాళమూ ముందు కావాలి. రాత్రి దీపం లేకుండా తొక్కితే జరిమానా, సైకిలే కదా అని వదలరు.

తిండికి భయపడక్కర్లేదు. ఇండోనేషియా, సురినాం (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస) సరుకులమ్మే తోకో దుకాణాల్లో బియ్యం, పప్పు, మసాలాలు, పచ్చిమిర్చి దొరుకుతాయి. సూపర్ మార్కెట్లో కార్నెమెల్క్ పేరుతో పుల్లటి మజ్జిగ డబ్బాల్లో అమ్ముతారు. సురినాం నుంచి వచ్చినవాళ్లలో పెద్ద భాగం 1873 నుంచి కూలీలుగా ఓడలెక్కిన భారతీయుల సంతతి. డచ్ ఊళ్లో రోటీ కొట్టు కనిపిస్తే అది వాళ్ల చలవే. డచ్చివాళ్ల మధ్యాహ్న భోజనం మాత్రం రొట్టె ముక్క, మధ్యలో చీజు. దాని గురించి ఎవరూ ఓదార్చలేరు.

గ్రోనింగెన్ వెళ్లిన తెలుగువాళ్లు ఒక ఆదివారం పక్కనే ఉన్న ఫ్రీస్లాండ్ రాష్ట్రంలో, లేవార్డెన్ ఊళ్లోని ఫ్రీస్ మ్యూజియం చూడాలని నా సలహా. డచ్ ఈస్టిండియా కంపెనీ 1605లో మచిలీపట్నంలో దిగిన తర్వాత కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు ఓడల్లో ఇంత దూరం వచ్చాయి. ఫ్రీస్లాండ్ పల్లెల్లో ఆడవాళ్లు వాటితో కుట్టిన జాకెట్లు పండగలకు వేసుకునేవారు. అక్కడి సేకరణలో అవి ఇప్పటికీ ఉన్నాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లకు ఈ బట్టలు చూడటం వేరే అనుభవం.

వెళ్లేటప్పుడు

వచ్చేటప్పుడు ఉన్న శ్రద్ధ వెళ్లేటప్పుడు ఉండదు, చివరి వారం పరీక్షలు, వీడ్కోలు విందులు. ఆ హడావిడిలోనే మున్సిపాలిటీ రిజిస్టర్ నుంచి పేరు తీయించుకోవాలి, బయల్దేరే ముందు 5 రోజుల్లోపు. తీయించుకోకపోతే కాగితాల మీద మీరు ఇంకా ఊరివాడే, బీమా ఉత్తరాలు, పన్ను నోటీసులు ఖాళీ గదికి వస్తూనే ఉంటాయి. భత్యం ఏదైనా తీసుకుంటుంటే ఆపించాలి, లేకపోతే తర్వాత తిరిగి కట్టమంటారు. మార్కుల జాబితా వారాల తర్వాత గానీ రాదు, ఇక్కడి కాలేజీకి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

గది అడ్వాన్సు యజమాని ఒప్పందం ముగిసిన 14 రోజుల్లో తిరిగివ్వాలి, మరమ్మతులకో బాకీకో కోత పెడితే 30 రోజుల్లో లెక్క చూపి మిగతాది ఇవ్వాలి. గది ఖాళీ చేసే రోజు ప్రతి గోడనూ ఫొటో తీసుకోండి. ఆ డబ్బు చేతికొచ్చేదాకా డచ్ బ్యాంకు ఖాతా మూయకండి.